బాన్‌విల్ ఉప్పు మైదానంలో విడిది: అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నకు లేత్ మిషన్ షెడ్డు ఉండేది. ఇనప రజను వాసన పీలుస్తూ పెరిగినవాణ్ణి. అమెరికా వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నా చేతుల దురద పోలేదు. ఆ దురదే నన్ను ఒక మోటార్‌సైకిల్ టీమ్‌లో పడేసింది. ఏటా ఆగస్టులో యూటా రాష్ట్రంలోని బాన్‌విల్ ఉప్పు మైదానంలో జరిగే స్పీడ్ వీక్‌కి క్రూగా వెళ్తుంటాను. బండి నడిపేది నేను కాదు. తోసేవాణ్ణి, మోసేవాణ్ణి, గదులు వెతికేవాణ్ణి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇక్కడ బళ్లు పక్కపక్కన పరిగెత్తవు. ఒక్కో బండి ఒంటరిగా, ఉప్పు మీద తిన్నగా గీసిన దారిలో మైళ్ల కొద్దీ వెళ్తుంది. పోటీ గడియారంతో, తన క్లాసులో (బండి రకాన్ని, ఇంజన్ సైజును బట్టి చేసిన విభాగంలో) అప్పటికే ఉన్న రికార్డుతో. నడిపేది సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్. అది 1937లో పుట్టింది, మొదటి స్పీడ్ వీక్ 1949లో పెట్టింది.

సాల్ట్ లేక్ సిటీ నుంచి, బే ఏరియా నుంచి మనవాళ్లు కొందరు ‘మేమూ వస్తాం’ అని నాకు ఫోన్ చేస్తుంటారు. ఇంజన్ గురించి ఒక్కరూ అడగరు. ఎక్కడ దిగాలి, ఎవరితో తిరగాలి అనే అడుగుతారు. పెళ్లికి వెళ్లేవాడు విడిది ఎక్కడో కనుక్కున్నట్టే, సబబైన ప్రశ్న. ఆ ఫోన్లలో మళ్లీ మళ్లీ వినిపించే అపోహలే ఇవి.

అపోహ: సాల్ట్ లేక్ సిటీలో మంచి హోటల్ తీసుకుని రోజూ వెళ్లి రావచ్చు

ఒక్కరోజు చూసిపోవడానికైతే వెళ్లిరండి. సిటీ నుంచి మైదానం వైపు తిరిగే ఎగ్జిట్ దాకా ఐ-80 హైవే మీద దాదాపు 110 మైళ్లు. రోడ్డు బాణంలా ఉంటుంది, నిద్ర ముంచుకొస్తుంది.

క్రూలో ఉంటే మాత్రం ఇది కుదరదు. ఎందుకంటే రికార్డు ఒక్క పరుగుతో తేలే వ్యవహారం కాదు. మీ బండి పాత రికార్డు కంటే జోరుగా వెళ్లిందనుకోండి, నేరుగా ఇంపౌండ్ అనే ఆవరణకు తీసుకెళ్లాలి. అక్కడ బండి మీద పని చేసుకోవడానికి నాలుగు గంటలు ఇస్తారు. ఆ తర్వాత చేతులు కట్టుకుని బయటికి రావాల్సిందే. మర్నాడు పొద్దున్నే మళ్లీ పరుగు. ఆ రెండింటి సగటు పాత రికార్డును దాటితేనే పుస్తకంలో పేరు ఎక్కేది. అంటే చీకటితోనే లేచి ఇంపౌండ్ దగ్గర ఉండాలి. 110 మైళ్ల అవతల పడుకున్నవాడు ఎన్నింటికి లేస్తాడో మీరే లెక్కేసుకోండి.

కాబట్టి మకాం వెండోవర్‌లోనే. మైదానానికి పది మైళ్ల దూరం. ఊరు ఒకటే, రాష్ట్రాలు రెండు. తూర్పున యూటా వెండోవర్, పడమర నెవాడా వెస్ట్ వెండోవర్. యూటా వైపు చిన్న మోటెళ్లు, నెవాడా వైపు కాసినో హోటళ్లు: నగెట్, మాంటెగో బే, రెయిన్‌బో, పెప్పర్‌మిల్, రెడ్ గార్టర్. దారి తప్పితే 63 అడుగుల నియాన్ కౌబాయ్ బొమ్మ గుర్తు పెట్టుకోండి. వెండోవర్ విల్ అంటారు దాన్ని. ఇంకో మాట. నెవాడాలో చాలా ఊళ్లు పసిఫిక్ టైమ్ పాటిస్తాయి, వెస్ట్ వెండోవర్ మాత్రం యూటా టైమే. గంట కలిసొస్తుందని అలారం మార్చుకున్న మహానుభావుడు మా టీమ్‌లోనే ఉన్నాడు.

అపోహ: యాప్‌లో గదులు లేవంటే ఇక లేనట్టే

కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. స్పీడ్ వీక్ గదులు యాప్‌లోకి వచ్చేసరికే సగం అయిపోయి ఉంటాయి. మా టీమ్ పెద్దాయనకు డెబ్బై దాటాయి, యాప్ మొహం చూడడు. చివరి రోజు తాళం తిరిగి ఇస్తూ కౌంటర్లోనే వచ్చే ఏడాదికి అదే గది రాయించుకుంటాడు. చాలామంది పాతకాపులది అదే పద్ధతి. కొన్ని గదులు కౌలు పొలాల్లా ఏళ్ల తరబడి ఒకే కుటుంబం చేతిలో ఉంటాయి.

అంతమాత్రాన దొరకవని కాదు. రేసులు శనివారం మొదలవుతాయి. సోమవారానికల్లా కొన్ని ఇంజన్లు అటకెక్కుతాయి. పిస్టన్ కరిగిన వాడు, గేర్‌బాక్స్ పగిలిన వాడు మంగళవారం ట్రెయిలర్ కట్టుకుని ఇంటిదారి పడతాడు. శుక్రవారం దాకా తీసుకున్న గది అతని చేతిలో అలాగే మిగిలిపోతుంది. అది ఏ వెబ్‌సైట్లోనూ కనిపించదు. పిట్స్‌లో, అంటే టీములు బళ్లు విప్పి బాగుచేసుకునే చోట తిరుగుతూ ‘ఎవరైనా గది వదులుతున్నారా’ అని అడిగినవాడికే దక్కుతుంది. పాస్ కోసం లైన్లో నిలబడ్డప్పుడు అడగండి, బళ్లని తనిఖీ చేసే టెక్ ఇన్‌స్పెక్షన్ లైన్లో అడగండి. మొహమాటపడితే కార్లో పడుకోవాలి.

ఎంత తొందరపడ్డా డబ్బు వెనక్కి రాని బుకింగ్ మాత్రం చేయకండి. ఉప్పు మీద నీళ్లు నిలిచినా, పొర పాడైనా మొత్తం కార్యక్రమమే రద్దవుతుంది. 2014, 2015 వరుసగా రెండేళ్లు రద్దయింది. 2022లో మళ్లీ అదే కథ.

అపోహ: అంత మైదానం ఉంది కదా, ఎక్కడో ఒకచోట టెంట్ వేసుకోవచ్చు

ఉప్పు మీద రాత్రి బస నిషేధం. ఆ నేల కేంద్ర ప్రభుత్వానిది, బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చూసుకుంటుంది. తారురోడ్డు ఉప్పు దాకా వెళ్లే దారిలో ఒకచోట వంపు తిరుగుతుంది. ఆ చోటు పేరే ‘బెండ్ ఇన్ ద రోడ్’. రేసు వారంలో క్యాంపు వేసేవాళ్లు అక్కడ దిగుతారు. నీళ్లు లేవు, కరెంటు లేదు, నీడ అసలే లేదు. అన్నీ మోసుకెళ్లాలి. కిందటేడు నడిచిన నిబంధనే ఈ ఏడూ నడుస్తుందనుకోకుండా ముందే కనుక్కోండి.

నేను ఆ వంపు దగ్గరికి చేరింది సరదాగా కాదు. మొదటి ఏడాది ఒక హోటల్ వాళ్లు నా గదిని ఇంకొకరికి ఇచ్చేశారు. కన్ఫర్మేషన్ మెయిల్ చూపించాను. సారీ చెప్పి ఒక కూల్‌డ్రింక్ కూపన్ చేతిలో పెట్టారు. రాత్రి పదిన్నరకి చిన్న టెంట్ ఒకటి కొనుక్కుని వంపు దగ్గరికెళ్లాను. గాలి! మేకులు గులకరాళ్లలో నిలవడం లేదు. టెంట్ గాలిపటమైంది, నేను దాని తోకకి వేలాడుతున్నాను. పక్క ట్రెయిలర్‌లోంచి ఒక ముసలాయన టార్చి పట్టుకుని వచ్చాడు. ఒక్క మాట మాట్లాడకుండా టెంట్ తాడు తీసుకెళ్లి తన ట్రెయిలర్ కొక్కేనికి కట్టాడు. కట్టాక అడిగాడు: “తిన్నావా?”

తినలేదు. బీన్స్ వేడిచేసి పెట్టాడు. రెండో రోజు మళ్లీ గాలి పెరిగితే ట్రెయిలర్‌లో ఉన్న రెండో మంచం చూపించి, ఇక్కడ పడుకోమన్నాడు. ఆ వారమంతా అదే నా విడిది. మూడో రోజు తెలిసింది, మా బండి కొట్టాలని వచ్చిన రికార్డు ఆయనదేనని.

అపోహ: ఇది డబ్బున్నవాళ్ల ఆట, కొత్తవాళ్లని దగ్గరికి రానివ్వరు

ప్రైజ్ మనీ సున్నా. రికార్డు కొడితే దక్కేది పేరు, ఒక సర్టిఫికెట్. 200 మైళ్లు, అంటే గంటకు 322 కిలోమీటర్లు దాటి రికార్డు పెట్టినవాళ్లకు 200 ఎంపీహెచ్ క్లబ్ ఎర్రటోపీ. ఆ టోపీ కొనడానికి దొరకదు. పిట్స్‌లో ఎర్రటోపీ పెట్టుకున్న మనిషి ఎదురైతే మాటల్లో పెట్టండి, మధ్యాహ్నం ఎలా గడిచిందో తెలియదు. డబ్బున్న టీములు లేవని కాదు. ఎక్కువమంది మాత్రం ఇంటి గ్యారేజీలో ఏళ్ల తరబడి చెక్కుకున్న బండితో వచ్చేవాళ్లే. యుద్ధ విమానాల బయటి పెట్రోల్ ట్యాంకుని చీల్చి ఇంజన్ కూర్చిన ‘బెల్లీ ట్యాంకర్లు’ ఇంకా కనిపిస్తాయి.

టికెట్ కొని లోపలికొచ్చిన వాళ్లెవరైనా పిట్స్‌లో తిరగొచ్చు. తాడు కట్టి దూరంగా ఆపరు. ‘ఇదేంటి?’ అని అడిగితే చాలు, బానెట్ ఎత్తి చూపిస్తారు. ఒక్కటే మర్యాద: మనిషి బండి కింద దూరి ఉన్నప్పుడు ప్రశ్నలు వద్దు.

ఇక సాయం సంగతి. ఆటోనగర్‌లో పానా లేకపోతే పక్క షెడ్డుకి వెళ్లి తెచ్చుకునేవాళ్లం. పక్క షెడ్డువాడు మా నాన్న గిరాకీ లాక్కునేవాడే, అయినా పానా ఇచ్చేవాడు. ఇక్కడా అచ్చం అంతే. మూడో రోజు సాయంత్రం మా బండి చైన్ తెగింది. తెచ్చుకున్న స్పేర్ లింకు సైజు తప్పు. వెండోవర్‌లో ఆ సైజు దొరికే షాపు లేదు. పిట్స్‌లో నలుగురిని అడిగితే నలుగురూ ఆ ముసలాయన వైపే వేలు చూపించారు. ఆయన ఒక పాత బిస్కెట్ డబ్బా తీశాడు. మూత మీద రంగు పోయింది. లోపల నూనెగుడ్డల్లో చుట్టిన లింకులు, ఒక్కో మూటకి దారంతో కట్టిన చీటీ మీద సైజు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, చీటీని ముక్కు దగ్గర పెట్టుకుని చదివి, మూట విప్పి నా అరచేతిలో పెట్టాడు.

“రేపు దీంతోనే మీ రికార్డు పోతే?” అన్నాను.

“పోతే పోయింది. లింకు తిరిగివ్వడం మర్చిపోకు.”

రికార్డు పోలేదు. మేం గంటకు రెండు మైళ్ల తేడాతో ఆగిపోయాం. లింకు తిరిగిచ్చాను.

పాతరోజుల నుంచీ ఈ ఉప్పు మీద ఇలాంటివాళ్లకే పేరు. న్యూజిలాండ్ నుంచి వచ్చిన బర్ట్ మన్రో, 1920 నాటి మోటార్‌సైకిల్‌ని ఇంట్లోనే మార్చుకుంటూ 1967లో 68 ఏళ్ల వయసులో గంటకు 184.087 మైళ్ల రికార్డు పెట్టాడు. లెక్కలో పొరపాటు వల్ల అప్పట్లో ఇంకాస్త తక్కువ అంకె నమోదైంది, 2014లో సరిదిద్దారు. ఆయన బండి పేరు ‘ఇండియన్’. అది అమెరికా కంపెనీ పేరు, మనకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా పిట్స్‌లో నన్ను చూసి ఎవరో ఒకరు ఆ జోకు వేస్తూనే ఉంటారు. నవ్వేస్తాను, దాంతో పరిచయం అయిపోతుంది.

అపోహ: మెకానిక్ పని రాకపోతే క్రూలో చోటుండదు

నాకు లేత్ పని వచ్చినా, మొదటి ఏడాది నాకిచ్చిన పని గొడుగు పట్టుకోవడం. నిజంగానే. స్టార్టింగ్ లైన్ దగ్గర క్యూ గంటలు పట్టొచ్చు. 35 డిగ్రీల ఎండలో నడిపేవాడు తోలు సూటు వేసుకుని కూర్చుంటాడు. కార్లవాళ్లయితే మంటలు తట్టుకునే సూటులో బెల్టులతో బిగించి ఉంటారు. పక్కన గొడుగు పట్టి, గుక్కెడు నీళ్లు తాగించే మనిషి లేకపోతే వాడు గీత దగ్గరికి రాకముందే సొమ్మసిల్లుతాడు. పెద్ద వేగానికే సరిపోయే గేర్లు పెట్టిన కార్లు నిలబడ్డ చోటు నుంచి సొంతంగా కదల్లేవు, వెనక ట్రక్కు నెట్టాలి. పరుగు మైళ్ల అవతల ముగుస్తుంది, అక్కడికి వెళ్లి బండిని వెనక్కి తేవాలి. వీటిలో దేనికీ ఇంజన్ విప్పడం రానక్కర్లేదు. మంచి డ్రైవింగ్, ఓపిక, చెప్పింది వినే చెవి చాలు. ఈ సంబరం మొత్తాన్ని మోసేది కూడా చాలావరకు వాలంటీర్లే.

ఒక్కరే వచ్చి ఎవరూ తెలియకపోతే, చిన్న టీమ్ దగ్గరికి వెళ్లి ‘సాయం కావాలా’ అనండి. ఇద్దరే ఉన్న టీమ్ ఎప్పుడూ వద్దనదు.

అపోహ: సాయంత్రం హోటల్ పార్కింగ్‌లో జరిగేది పార్టీ, రేసుతో సంబంధం లేదు

నగెట్ పార్కింగ్ లాట్ సాయంత్రమైతే తిరునాళ్లే. పాత ఫోర్డులు, జోరు కోసం మార్చుకుని తుప్పు రంగులోనే వదిలేసిన పాత కార్లు (హాట్ రాడ్లు), ఫోల్డింగ్ కుర్చీలు. బీరు ఉంటుంది, కాదనను. కానీ రేపటి గాలి ఎలా ఉంటుంది, ఉప్పు మీద గీసిన దారుల్లో ఏది మెత్తబడింది, ఎవరి గది ఖాళీ అవుతోంది, ఈ మూడూ తెలిసే చోటు అదే. తాగనివాళ్లు కూల్‌డ్రింకు పట్టుకుని కూర్చోండి, ఎవరూ పట్టించుకోరు.

మిగతావి గబగబా. ‘ముఖానికి సన్‌స్క్రీన్ చాలు’ అంటారు. చాలదు. తెల్లటి ఉప్పు ఎండని కింద నుంచి కొడుతుంది. గడ్డం కింద, ముక్కు పుటాల దగ్గర, నిక్కరు వేసుకుంటే తొడల వెనక కూడా రాయాలి. నమ్మకపోతే ఒకసారి కాలాక నమ్ముతారు. అద్దె కారు తెస్తానంటే ముందు ఒప్పందం చదవండి. తెచ్చారా, వెళ్లేముందు అడుగుభాగం బాగా కడిగించండి. ఎండిన ఉప్పు సిమెంటులా పట్టుకుంటుంది, వదిలేస్తే ఇనుమును తినేస్తుంది.

తిండికి కష్టమేమో అని శాకాహారుల భయం. కాసినోల్లో ఏదో ఒకటి దొరుకుతుంది. నేను మాత్రం ఇంటి నుంచి పులిహోర కలిపి ఐసుపెట్టెలో తెస్తాను. రెండు రోజులు ఆగుతుంది. మొదటిసారి మా టీమ్ పెద్దాయన అనుమానంగా చూశాడు. ఇప్పుడు జూన్ నుంచే ‘ఆ పసుపు అన్నం తెస్తున్నావా?’ అని మెసేజ్‌లు. వేరుశనగ గుళ్లు ఎక్కువ పడాలట.

కిందటేడు తాళం ఇచ్చేటప్పుడు నేనూ కౌంటర్లోనే గది రాయించుకున్నాను. రెండు మంచాలది. రెండోది ప్రతి ఏడూ కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఉంచుతాను. ఈసారి ఇంకా ఎవరూ అడగలేదు. అద్దెలో సగం వద్దు, కానీ పొద్దున్నే నాలుగింటికి లేవాలి. నాకు గురక ఉంది, ముందే చెబుతున్నాను.