చిట్టీ, చిన్నోడా, కట్టు ఎందుకు అంటుకుపోయిందో చెప్తా

సంక్రాంతికి మీరొచ్చినప్పుడు కాంపౌండరు నా కాలి కట్టు విప్పుతుంటే చిన్నోడు కళ్ళు మూసేసుకున్నాడు, చిట్టేమో "తాతయ్యా, గుడ్డెందుకు అంటుకుపోయింది" అంది. ఆ నొప్పిలో జవాబు చెప్పే ఓపిక లేక ఊరుకున్నా, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

రొయ్యల చెరువులో దిగినప్పుడు నత్తగుల్ల కోసింది కదా, షుగరు వల్ల ఆ పుండు ఓ పట్టాన మానలేదు. గాజుగుడ్డ పుండులో ఊరే రసిని పీల్చుకుని ఎండిపోయి, కొత్తగా వస్తున్న చర్మాన్ని కూడా పట్టేసుకుంటుంది, లాగితే అదీ ఊడొస్తుంది, మళ్ళీ కథ మొదటికి. మా చిన్నప్పుడు పుండు ఎండితేనే మానుద్ది, గాలి తగలనీ అనేవాళ్ళు. 1962లో జార్జ్ వింటర్ అనే ఆయన పందుల మీద చూస్తే, పాలిథీన్ కప్పి చెమ్మగా ఉంచిన గాయాల మీద చర్మం దాదాపు రెట్టింపు స్పీడుగా కమ్ముకుంది. అలాగని నీళ్ళల్లో నానబెట్టమని కాదర్రా, చెమ్మ ఉంటే చాలు.

మరి చెమ్మ ఆరకూడదు, గాలి ఆడాలి, క్రిములు దూరకూడదు, ఇన్నీ ఒక్క గుడ్డతోనే అవ్వాలి. దానికే నానోఫైబర్, అంటే కంటికి ఆననంత సన్నటి పోగు. మీ మామ్మ అల్లే నరసాపురం లేసు దారం మీకు సన్నంగా కనిపిస్తుంది గానీ, మన వెంట్రుకే సుమారు 80 వేల నానోమీటర్ల మందం (మిల్లీమీటర్ని పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నానోమీటరు), ఈ పోగులేమో కొన్ని వందల నానోమీటర్లే. పోగు మీద పోగు చిక్కుపడి కంతలు చాలా చిన్నవైపోతాయి, ఆవిరి పోతుంది గానీ వెయ్యి నానోమీటర్ల సైజుండే బ్యాక్టీరియాకి దూరడం కష్టం. పైగా మన చర్మం కింద కొలాజెన్ అనే మాంసకృత్తు పోగుల అల్లిక కూడా ఇలాంటిదే, అందుకని కొత్త కణాలు సొంతిల్లే అనుకుని పాక్కుంటూ వచ్చేస్తాయి.

తయారీ తీర్థంలో పీచు మిఠాయిలా ఉంటుంది, కాకపోతే అక్కడ తిప్పుడు, ఇక్కడ కరెంటు. సిరంజిలో పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి, పొడవాటి గొలుసు అణువులుండే పదార్థం) ద్రావణం పోసి సూదికి 10 నుంచి 30 వేల వోల్టులు ఇస్తారు (మనింటి కరెంటు 230, చిన్నోడా నువ్వు ప్లగ్గుల జోలికెళ్ళకు), చివర గుండ్రంగా ఉన్న బొట్టు శంకువులా సాగి, కొసలోంచి సన్నటి ధార లేచి గాల్లో కొరడాలా కొట్టుకుంటూ ఆరిపోయి, ఎదురుగా ఉన్న రేకు మీద తెల్లటి పొరలా పడుతుంది. ఆ శంకువుకి టేలర్ కోన్ అని పేరు. ఫార్మాల్స్ అనే ఆయన దీనికి 1934లోనే పేటెంటు తీసుకున్నాడు, అంటే నాకంటే పెద్దది.

అన్నిటికంటే నాకు నచ్చింది ఇది. రొయ్యల ప్లాంటు దగ్గర ముక్కు మూసుకుని దాటతారే, ఆ రొయ్య తలకాయలూ పొట్టూ, వాటిలో సున్నాన్ని యాసిడ్‌తో, మాంసకృత్తుల్ని కాస్టిక్ సోడాతో తీసేస్తే కైటిన్ మిగులుతుంది, దాన్ని గాఢమైన కాస్టిక్ సోడాలో ఉడికిస్తే కైటోసాన్, దాంతో కూడా ఈ పోగులు తీయొచ్చు. దీనికి పాజిటివ్ చార్జి, ఎర్ర రక్తకణాల పైపొరకి నెగెటివ్, అందుకని అంటుకుని రక్తం త్వరగా గడ్డకడుతుంది. ఒక్కటే అయితే పోగులా సాగదు, మొండిది, పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్ అనే పాలిమర్) లాంటిది కలపాలి, పీవీఏ ఏమో నీళ్ళల్లో కరిగిపోతుంది కాబట్టి దాన్ని మళ్ళీ గట్టిపరచాలి, ఇంత తంతు.

ఒక్క సూదితో గంటకి వచ్చేది చాలా తక్కువ కాబట్టి మన కాంపౌండరు సంచిలోకి ఇంకా రాలేదు. ఈ మధ్య వేజలీను పూసిన గాజుగుడ్డ వేస్తున్నాడు, అది అంటుకోవట్లేదు. వేసవికి వస్తే చిన్నోడు కళ్ళు తెరుచుకునే చూడొచ్చు.

మీ తాతయ్య