పక్కనే నది, ఎదురుగా ఖాళీ మైదానం

ఈమధ్య ఒక పాఠకుడు ఇలా అడిగాడు: "1923లో టోక్యో తగలబడినప్పుడు ఒక్క ఖాళీ స్థలంలోనే 38 వేల మంది చనిపోయారని చదివాను. పక్కనే నది కూడా ఉందట. కాలడానికి ఏమీ లేనిచోటికి మంట ఎలా వచ్చిందండీ?"

ఏళ్లుగా నన్నూ వదలని ప్రశ్న ఇది. కాకపోతే అందులో ఒక చిన్న పొరపాటుంది. కాలడానికి ఏమీ లేదన్నది నిజం కాదు. దాని సంగతికి తర్వాత వద్దాం.

ఆ మంటలకు మూలమైన భూకంపం గురించి నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను, ఎందుకంటే భూఫలకాల పాఠం మీరు ఇప్పటికే వందసార్లు చదివి ఉంటారు. సెప్టెంబరు 1, పగలు 11 గంటల 58 నిమిషాలు. తీవ్రత 7.9. సరిగ్గా వంటవేళ, ఇంటింటా కుంపట్లు రాజుకుని ఉన్నాయి. ఊళ్లో 130కి పైగా చోట్ల నిప్పంటుకుంది. నీటి గొట్టాలు పగిలిపోయాయి. పైగా దేశానికి అవతలి వైపు తుపాను ఒకటి, దాని తాలూకు ఈదురుగాలి ఇక్కడ. దాదాపు 46 గంటలు కాలాక చూస్తే నగరంలో 40 శాతానికి పైగా బూడిద. చుట్టుపక్కల ఊళ్లతో కలిపి చనిపోయిన లక్షా అయిదు వేల మందిలో పదింట తొమ్మిది వంతులు మంటలకే బలయ్యారు. అకిట్సునె ఇమామురా అనే భూకంప శాస్త్రవేత్త 1905లోనే ఇలా జరగొచ్చని, నిప్పు వల్ల లక్షకు పైగా పోతారని రాశాడు. జనాన్ని భయపెడుతున్నాడని పై ఆచార్యుడు ఒమోరి ఆయన్ని మందలించాడు. భూమి కదిలిన రోజున ఆ ఒమోరి ఆస్ట్రేలియాలో ఉన్నాడు, భూకంప లేఖిని ముందు.

ఇక మైదానం. సుమిదా నదికి తూర్పున, హోంజోలో, సైన్యం దుస్తుల డిపో ఖాళీ చేసి వెళ్లిన స్థలం. పార్కు చేద్దామని నగరపాలన కొన్నది. ఆరున్నర హెక్టార్లకు పైన ఉంటుంది. మధ్యాహ్నానికి అక్కడికి సుమారు 40 వేల మంది చేరారు. భాగించి చూడండి: మనిషికి ఒకటిన్నర చదరపు మీటర్ల పైచిలుకు, అంటే జపాను ఇళ్లలో పరిచే ఒక్క తతామి చాపంత. ఆ చాపంత చోటులోనే పరుపులు, బీరువాలు, బట్టల మూటలు, తోపుడు బళ్లు. ఖాళీ మైదానం కాస్తా కట్టెల అడితిలా తయారైంది. ఇదే నేను చెప్పిన పొరపాటు.

నాలుగు గంటల ప్రాంతంలో మంటల సుడి వచ్చింది.

సుడి ఎలా పుడుతుంది? బళ్లో కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వం అని సూత్రం బట్టీ పట్టిస్తారు, తిరిగే కుర్చీలో మాత్రం ఒక్క పిల్లాణ్నీ కూర్చోబెట్టరు. చేతులు చాచి తిరుగుతూ చప్పున దగ్గరికి ముడుచుకుంటే వేగం పెరుగుతుంది, అంతే కథ. మంట చుట్టూ 50 మీటర్ల దూరంలో గాలి సెకనుకు 2 మీటర్ల చొప్పున బద్ధకంగా తిరుగుతోందనుకుందాం. దూరాన్ని వేగంతో గుణిస్తే 100, సూత్రం ప్రకారం ఈ లెక్క మారకూడదు. మంట ఆ గాలిని 5 మీటర్ల దగ్గరికి లాగితే వేగం 20 మీటర్లు కావాలి. 2 మీటర్ల దగ్గరికి లాగితే 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు! రాపిడి కొంత తినేస్తుంది గానీ, ఎంత మిగిలినా మనిషిని ఎత్తి పడేయడానికి చాలు. లాగేది ఎవరంటే వేడి. వెయ్యి డిగ్రీల వాయువు మామూలు గాలిలో నాలుగో వంతు బరువే ఉంటుంది కాబట్టి పైకి దూసుకుపోతుంది, ఆ వెలితిని పూడ్చడానికి చుట్టూ ఉన్న గాలి లోపలికి వస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇప్పుడొస్తుంది. అడుగున టీ ఆకులున్న కప్పును చెంచాతో తిప్పి వదిలేయండి. ఆకులు అంచుకు కదా పోవాలి? పోవు, అడుగున మధ్యలో పోగవుతాయి. ఐన్‌స్టయిన్ 1926లో దీని మీదే ఒక చిన్న వ్యాసం రాశాడు. తిరిగే నీటిని బయటికి నెట్టే అపకేంద్ర బలాన్ని అంచున ఎక్కువగా ఉండే పీడనం లోపలికి నెట్టి ఆపుతుంది. అడుగున మాత్రం నీరు కప్పుకు రాసుకుని నెమ్మదిస్తుంది, బయటికి నెట్టే బలం సన్నగిల్లుతుంది, పీడనం మాత్రం అంతే ఉంటుంది. దాంతో అడుగు నీరు మధ్యకు పారుతుంది, ఆకుల్నీ వెంట తీసుకుపోతుంది.

కప్పు స్థానంలో నేలను పెట్టండి. సుడి కింద నేలబారు గాలి మధ్యకు పరుగెడుతుంది. అక్కడ నేలబారున ఉన్నదేమిటి? పరుపులు, మూటలు, మనుషులు. కప్పులో పైకి లేచే ప్రవాహం బలహీనం కాబట్టి ఆకులు అడుగునే ఉండిపోతాయి. ఇక్కడ అది తుపాను బలంతో లేస్తుంది. రేకులు, బళ్లు గాల్లోకి ఎగిరాయని బతికినవాళ్లు చెప్పింది అతిశయోక్తి కాదు.

ఇంకో మెలిక ఉంది. మామూలు మంట అంచులు రెపరెపలాడుతూ పక్కల నుంచి గాలిని కలుపుకుంటాయి. సుడిలో తేలిక వాయువు నడుమ, బరువైన చల్లగాలి వెలుపల పొరలుగా సర్దుకుంటాయి, నీటి మీద నూనెలాగా. రెండూ సరిగా కలవవు. ప్రాణవాయువు దొరకని మంట దాన్ని వెతుక్కుంటూ సన్నగా, ఎత్తుగా సాగుతుంది. పక్క తలుపులు మూత, అడుగు తలుపు బార్లా. గోడలు లేని పొగగొట్టమన్నమాట!

తొలి తిప్పు ఎవరిచ్చారన్నది మిగిలింది. సుడి నది అవతలి నుంచి దాటి వచ్చిందని కొందరు సాక్షులు చెప్పారు. భౌతిక శాస్త్రవేత్త తొరాహికో తెరాదా శిథిలాల్లో తిరిగి ఆధారాలు పోగు చేశాడు. ఆ రెండు రోజుల్లో టోక్యోలో వందకు పైగా సుడిగాలులు లేచాయని తేలింది. చాలా ఏళ్ల తర్వాత సోమా, సైతో అనే పరిశోధకులు ఆ మైదానం నమూనా చేసి అగ్గి పెట్టారు (వాళ్ల పత్రం 1991లో వచ్చింది). నమూనా వందో వంతుదైతే గాలి వేగాన్ని పదో వంతుకు తగ్గించాలి, ఎందుకంటే వేగం పొడవు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. మంట 'ఎల్' ఆకారంలో ఉండి గాలి దాన్ని దాటుకుంటూ వీస్తే, ఆ మూలలో, అంటే ఇంకా కాలని ఖాళీ వైపే, సుడి లేచింది. గాలి మరీ మెల్లగా వీచినా లేవదు, మరీ గట్టిగా వీచినా లేవదు.

ఆ రోజుల్లో ఇది దైవశిక్ష అన్న పెద్దమనుషులున్నారు. అది వట్టి అజ్ఞానం. అంతకన్నా ఘోరం, కొరియన్లు నిప్పు పెడుతున్నారని, బావుల్లో విషం కలుపుతున్నారని పుట్టిన పుకారు. దాన్ని నమ్మిన మూకలు వేల మందిని చంపాయి.

మూటల సంగతి ఆ నగరానికి కొత్త కాదు. 1657 నాటి అగ్నిప్రమాదంలో జనం చక్రాల పెట్టెల్ని లాక్కుంటూ పారిపోబోతే దారులు మూసుకుపోయాయి, తర్వాత ఆ పెట్టెల్ని నిషేధించారు కూడా. 1923 నాటికి ఎవరికీ గుర్తులేదు. అదే నగరంలో, కాందా అనే చోట మాత్రం ఇజుమిచో, సకుమాచో వాళ్లు పారిపోకుండా వరసకట్టి బకెట్లు అందించుకుని తమ పేటల్ని కాపాడుకున్నారు. చుట్టూ అంతా కాలింది, అవి మిగిలాయి.

తర్వాత నగరం 52 చిన్న పార్కుల్ని కాంక్రీటు బడుల పక్కనే కట్టింది. 1924లో భూకంప బలాన్ని లెక్కేసి ఇళ్లు కట్టాలన్న నిబంధన వచ్చింది. డిపో స్థలం ఇప్పుడు యొకోఅమిచో పార్కు, అస్థికల మందిరం అక్కడే ఉంది. నదీతీరంలోనే ఇంకాస్త ఉత్తరాన, షిరహిగెలో, 1970లలో మొదలుపెట్టి 18 అపార్టుమెంట్లను 1.2 కిలోమీటర్ల పొడవునా, 40 మీటర్ల ఎత్తున గోడలా నిలబెట్టారు. బాల్కనీలకు ఉక్కు షట్టర్లు, భవనానికీ భవనానికీ మధ్య సందులకు భారీ తలుపులు. తూర్పున ఊరు అంటుకుంటే జనం ఆ తలుపులు దాటి నది వైపున్న పార్కులోకి వస్తారు, ఆ తర్వాత వాటిని మూసేస్తారు.