తగిలే క్షణంలో తెల్ల బంతి ఎలా తిరుగుతోంది?

1954 మార్చి 19న అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో విల్లీ మాస్కోనీ ఒక్కటీ తప్పకుండా వరసగా 526 బంతులు పాకెట్లలో వేశాడు. ఆడింది స్ట్రెయిట్ పూల్, అంటే క్యూ అనే కర్రతో తెల్ల బంతిని కొట్టి, దాంతో మిగతా బంతుల్ని పాకెట్లలో వేసే బల్ల ఆటల్లో ఒకటి. ఆ ఆటలో 15 బంతుల్లో 14 పడగానే వాటిని మళ్లీ ముక్కోణంగా పేరుస్తారు. మిగిలిన ఒక్క బంతిని పాకెట్‌లో వేస్తూ, అదే దెబ్బతో తెల్ల బంతిని పంపి ఆ గుంపును చెదరగొట్టాలి. అలా 37 గుంపులు ఖాళీ చేసి, 38వ దాంట్లో తప్పాడు. 2019లో జాన్ ష్మిట్ 626 కొట్టేదాకా అదే గుర్తింపు పొందిన రికార్డు.

ఆ తరం ఆటగాళ్ల మాట వస్తే అందరూ వాళ్ల గురినే పొగుడుతారు. నన్నడిగితే మాస్కోనీ గొప్పతనం తెలియాలంటే, పాకెట్‌లో పడ్డ బంతిని వదిలేసి తెల్ల బంతి ఎక్కడ ఆగిందో చూడాలి. దాన్ని వీలైనంత తక్కువ కదిలించి, తర్వాతి బంతి సులువుగా అందేలా పెట్టుకోవడం ఆయన పద్ధతి. ఫిలడెల్ఫియాలో వాళ్ల నాన్నకు పూల్ హాలు ఉండేది. కొడుక్కి ఈ ఆట అంటుకోవడం ఇష్టంలేక ఆయన బంతులు దాచేస్తే, పిల్లాడు వంటింట్లోంచి బంగాళాదుంపలు తెచ్చుకుని చీపురుకర్రతో ఆడాడు. ఆరేళ్ల వయసులోనే, ఆ కాలపు మేటి ఆటగాడు రాల్ఫ్ గ్రీన్‌లీఫ్‌తో జనం ముందు ఆడించారు. పెద్దయ్యాక 1941 నుంచి 1957 లోపు 15 సార్లు ప్రపంచ టైటిల్ గెలిచాడు.

మరి తెల్ల బంతిని అనుకున్న చోట ఆపడం ఎలా? క్యారమ్స్‌కు అలవాటుపడ్డ చేతికి ఇక్కడ చిక్కు వస్తుంది. స్ట్రైకర్ జారుతుందే తప్ప దొర్లదు. బంతి జారుతుంది, దొర్లుతుంది కూడా. సరిగ్గా మధ్యలో కొట్టిన బంతి మొదట జారుతూ బయల్దేరుతుంది. బల్ల మీది గుడ్డ రాపిడి దాన్ని కొంచెం కొంచెంగా ముందుకు తిప్పుతుంది. పూర్తిగా దొర్లే వేళకి తొలి వేగంలో 5/7 వంతే మిగులుతుంది. బయల్దేరిన క్షణం నుంచే దొర్లాలంటే క్యూ కొస (టిప్) బంతి మధ్యకు పైన, వ్యాసార్ధంలో 2/5 వంతు ఎత్తున తగలాలి. పూల్ బంతి వ్యాసం 57 మిల్లీమీటర్లు కాబట్టి, అది 11 మిల్లీమీటర్ల పైచిలుకు.

1835లో ఫ్రాన్స్‌లో గాస్పార్ గుస్తావ్ కోరియాలిస్ ఇలాంటి లెక్కలన్నీ కట్టి బిలియర్డ్స్ మీద ఒక గణిత గ్రంథమే రాశాడు. బంగాళాఖాతంలో తుపాను అపసవ్యంగా సుడి తిరగడానికి కారణమని మనం బడిలో చదువుకున్న కోరియాలిస్ బలం ఈయన పేరు మీదిదే. దాని మీద ఆయన వ్యాసం వచ్చింది కూడా ఆ ఏడాదే. ఆయనకు ముందు మేంగో అనే ఫ్రెంచి సైనికాధికారి క్యూ కొసకు తోలు టిప్ అతికించి ఆట స్వరూపాన్నే మార్చేశాడు. వట్టి చెక్క కొసతో బంతి అంచు దగ్గర కొడితే కర్ర జారిపోయేది. తోలు వచ్చాక, జారకుండా దానికి రాసే చాక్ తోడయ్యాక, బంతికి కావలసినంత స్పిన్ ఇవ్వడం కుదిరింది.

అసలు కిటుకు బంతులు ఢీకొన్న చోట ఉంది. రెండు బంతులూ ఒకే బరువు. తెల్ల బంతి ఎదుటి బంతిని నిండుగా, ముఖాముఖి తాకితే దాని ముందుకెళ్లే వేగం దాదాపు మొత్తం ఎదుటి బంతికి పోతుంది. కానీ స్పిన్ పోదు. బంతుల నున్నటి ఒంటికి అంత పట్టు లేదు. కాబట్టి తెల్ల బంతి ఒక్క క్షణం ఉన్నచోటే తిరుగుతూ ఉంటుంది, ఆ తర్వాత దాని దారిని ఆ స్పినే నిర్ణయిస్తుంది. ముందుకు దొర్లుతూ వచ్చిందా, మళ్లీ ముందుకు సాగుతుంది. వెనక్కి తిరుగుతూ వచ్చిందా, వెనక్కి వస్తుంది. ఏ స్పినూ లేకుండా జారుతూ వచ్చిందా, అక్కడే ఆగిపోతుంది. దొర్లుతూ వెళ్లి నిండుగా తగిలితే ఎదుటి బంతి తెల్ల బంతికన్నా అయిదారు రెట్ల దూరం పోతుంది. ఈ ఒక్క నిష్పత్తి గుర్తుంటే చాలా పొజిషన్లు ముందే ఊహించవచ్చు.

తెల్ల బంతిని కింద కొట్టి వెనక్కి రప్పించే స్క్రూ షాట్ నేర్చుకునేవాళ్లు తడబడేది కూడా ఇక్కడే. కింద కొట్టాను, అయినా బంతి వెనక్కి రాలేదు అంటారు. నిజంగానే కింద కొట్టి ఉంటారు. కానీ బంతి గుడ్డ మీద జారుతున్నంతసేపూ వెనక్కి తిరిగే స్పిన్ కరిగిపోతూ ఉంటుంది. ముందు స్క్రూ, కాసేపటికి వట్టి జారుడు, ఆ తర్వాత ముందుకు దొర్లుడు. అదే దెబ్బకు అడుగు దూరంలోని బంతి దగ్గర తెల్ల బంతి వెనక్కి వస్తుంది, మూడు అడుగుల దూరంలో ఆగుతుంది, ఆరు అడుగుల దూరంలో ముందుకు పోతుంది. మనం ఎంత స్పిన్ ఇచ్చామన్నది కాదు, తగిలే క్షణానికి ఎంత మిగిలిందన్నదే లెక్క. దూరం పెరిగితే ఇంకా కింద కొట్టాలి, లేదా ఇంకా వేగంగా కొట్టాలి. అయితే మధ్య నుంచి వ్యాసార్ధంలో సగం, అంటే దాదాపు 14 మిల్లీమీటర్లు దాటితే టిప్ జారి మిస్‌క్యూ అవుతుంది.

దీన్ని కళ్లారా చూడాలంటే తెల్ల బంతి బదులు చారల బంతి పెట్టుకోండి. చార అడ్డంగా ఉండేలా పెట్టి, క్యూ టిప్‌కు బాగా చాక్ రాసి, కింద కొట్టండి. చార ఎటు తిరుగుతోందో, ఎక్కడ తిరగడం మానేసిందో తెలిసిపోతుంది. బంతి మీద పడ్డ చాక్ మచ్చ టిప్ నిజంగా ఎక్కడ తగిలిందో చూపిస్తుంది. చాలామందికి అది అనుకున్నదానికన్నా పైన ఉంటుంది, ఎందుకంటే టెన్షన్‌లో పిడికిలి బిగిసి, క్యూ కొస లేచిపోతుంది.

కోణంలో తగిలినప్పుడు ప్రకృతి మనకు ఒక వరం ఇచ్చింది. తెల్ల బంతి మధ్యభాగం ఎదుటి బంతి అంచుకు గురి అయితే దాన్ని హాఫ్ బాల్ అంటారు. దొర్లుతూ వెళ్లిన తెల్ల బంతి అప్పుడు తన దారి నుంచి సుమారు 34 డిగ్రీలు తిరుగుతుంది. దానికి అదే గరిష్ఠం. పావు బంతి తాకినా, ముప్పావు తాకినా 27 డిగ్రీలకు పైనే ఉంటుంది. గరిష్ఠం దగ్గర ఈ కోణం చాలా నెమ్మదిగా మారుతుంది కాబట్టి గురి కాస్త అటూ ఇటూ అయినా తెల్ల బంతి దారి పెద్దగా మారదు. మూడు బంతుల ఇంగ్లిష్ బిలియర్డ్స్‌లో తెల్ల బంతినే పాకెట్‌లోకి మళ్లించి పాయింట్లు తెచ్చే ఇన్-ఆఫ్ షాట్లకు ఈ హాఫ్ బాలే ప్రాణం. విల్సన్ జోన్స్ 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ టైటిల్ గెలిచి, ఏ ఆటలోనైనా వ్యక్తిగత ప్రపంచ చాంపియన్ అయిన తొలి భారతీయుడిగా నిలిచిన ఆట ఇదే. 1964లో న్యూజిలాండ్‌లో మళ్లీ గెలిచాడు. ఆయన తరం వాళ్లు ఈ కోణాన్ని కొలబద్ద అక్కర్లేకుండానే పట్టేసేవారు.

ఇక చెయ్యి సంగతి. టిప్ బంతిని అంటిపెట్టుకునేది సుమారు సెకనులో వెయ్యో వంతు. ఆ తర్వాత క్యూను ఎంత ముందుకు తోసినా బంతికి తెలియదు. అయినా ఫాలో త్రూ పూర్తిచేయమని కోచ్‌లు పట్టుబట్టడంలో అర్థముంది. ముందే ఆగుదామనుకున్న చెయ్యి, బంతిని తాకకముందే వేగం తగ్గించేస్తుంది, క్యూ పక్కకు ఒరుగుతుంది.

చివరిగా త్రో. కోణంలో తగిలినప్పుడు బంతుల మధ్య ఉన్న ఆ కాస్త రాపిడే ఎదుటి బంతిని గురి నుంచి కొంచెం లాగేస్తుంది. నెమ్మదిగా, స్పిన్ లేకుండా జారుతూ వెళ్లి తాకే షాట్లలో ఇది ఎక్కువ, 5 డిగ్రీల దాకా కూడా పోతుంది. అలాంటప్పుడు బంతిని ఇంకాస్త పలచగా, అంటే అంచుకు ఇంకొంచెం దగ్గరగా తాకాలి. చాక్ పొడీ చేతి మురికీ పట్టిన బంతుల మీద రాపిడి ఇంకా పెరుగుతుంది. అందుకే ఆట మొదలుపెట్టే ముందు పొడిగుడ్డతో బంతులన్నీ తుడిపించండి. లేకపోతే నిన్న సరిగ్గా పడిన షాటే ఇవాళ పాకెట్ దవడకు కొట్టుకుని బయటికొస్తుంది.