చేతికి తెలిసిన వేడి

ఒడిశాలోని గంజాం తీరంలో ఉండే మన తెలుగు జాలర్లు చేపలు పట్టడానికి వెళ్తున్నామనరు, వేటకెళ్తున్నామంటారు. గోపాల్‌పూర్ నుంచి ఋషికుల్య నది మొగ దాకా అదే మాట. వేటగాడు అడుగుజాడలు చూసినట్టే వీళ్లు గాలిని, నీటి రంగును, పైన తిరిగే పిట్టల్ని చూస్తారు. మా మావయ్య పడవ తోసే ముందు చేయి నీళ్లలో కాసేపు ఉంచేవాడు. ఏ వల ఎక్కించాలో ఆ చేయే చెప్పేది. "నీళ్లు మారిపోయాయిరా" అని ఆయన అంటుంటే వయసు మీద పడిందనుకున్నాను. ఆయన లెక్క తప్పు కాదని చాలా ఏళ్లకు, చదివితే గాని తెలియలేదు.

నూనె కవళ్ల (ఆయిల్ సార్డిన్) సంగతి చూడండి. ఒకప్పుడు అవి ముఖ్యంగా కేరళ, కర్ణాటక తీరాల చేపలు. 1980ల తర్వాత తూర్పు తీరపు వలల్లోనూ బాగా పడసాగాయి. 27 నుంచి 29 డిగ్రీల నీరు వాటికి అనువు. సముద్రం వేడెక్కేకొద్దీ ఉత్తరాన కూడా అలాంటి నీళ్లు దొరుకుతున్నాయని కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వివరించారు.

కానగుర్త (ఇండియన్ మాకెరల్) కథ ఇంకోలా ఉంది. విశాఖలో మన జాలర్ల నోట విని స్కాట్లాండ్ ప్రకృతి శాస్త్రవేత్త ప్యాట్రిక్ రస్సెల్ 1803లో అచ్చువేసిన ఆ పేరే ఇప్పటికీ దాని శాస్త్రీయ నామంలో ఉంది. నీటి పైభాగంలో గుంపులుగా తిరిగే ఈ చేప ఇప్పుడు అడుగున ఈడ్చే ట్రాలు వలల్లో మునుపటికన్నా ఎక్కువగా పడుతోంది. పైన వేడెక్కితే చల్లదనం కోసం లోతుకు దిగుతోందన్నమాట. దానివెంట మనిషీ వెళ్లాలి. పది బారల నీటిలో దొరికేదాన్ని వెతుక్కుంటూ ఇంకా లోతుకు పోతే డీజిల్ ఖర్చు పెరుగుతుంది, గాలి తిరగబడితే ఒడ్డు దూరమైపోతుంది. పైగా ఒడ్డున గుడ్లు పెట్టడానికి వచ్చే సముద్రపు తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు ఋషికుల్య మొగ దగ్గర 20 కిలోమీటర్ల మేర ఇంజిన్ పడవల వేట నిషేధం. తాబేలు బతకాలి, అందులో నాకు రెండో మాట లేదు. ఆ ఏడు నెలల పస్తుల భారం మాత్రం జాలరి ఇంటి మీదే పడకూడదు.

ఆ తాబేళ్లనూ వేడి వదలడం లేదు. 2024లో ఋషికుల్య దగ్గర అవి గుంపుగా గుడ్లు పెట్టడానికి రాలేదు. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షలు వచ్చాయి. ఒక్కో గూటిలో వందకు పైగా గుడ్లు, పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు. లోపలున్నది ఆడదో మగదో తేల్చేది ఇసుక వేడే. సుమారు 29, 30 డిగ్రీల దగ్గర రెండూ పుడతాయి. అది దాటేకొద్దీ ఆడపిల్లలే ఎక్కువవుతాయి, మరీ కాగితే గుడ్లలోనే చచ్చిపోతాయి. తల్లులు ఆలస్యంగా వస్తే గుడ్లు ఏప్రిల్, మే ఎండలకు చిక్కుతాయి.

ఋషికుల్య మొగ దగ్గరి పొదంపేట ఊళ్లో పాత ఇళ్లను సముద్రం మింగేసింది, జనం లోపలికి తరలిపోయారు. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం ఆ ఒడ్డున మావయ్య ఇసుకను పక్కకు తోసి, గూళ్లు లేని చోట మోచేతి దాకా చేయి దూర్చాడు. పైన కాళ్లు కాలుతున్నాయి. లోపల ఇంకా తడి ఉంది. చేయి బయటికి తీసి, అంటుకున్న ఇసుక దులుపుకోకుండా, "ఇంకో పది రోజులు ఇట్టా ఉంటే చాలు" అన్నాడు.