హైస్కూల్ పిల్లలకు ఆస్పత్రి తలుపు తీసేదెవరు?

అమెరికాలోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే ఇలాంటి మెసేజ్ ఒకటి కనిపిస్తుంది: "మా అమ్మాయి లెవెన్త్ గ్రేడ్. మెడిసిన్ వైపు వెళ్లాలని ఉంది. షాడోయింగ్‌కి ఒప్పుకునే డాక్టర్ గారు ఎవరైనా తెలిస్తే చెప్పండి ప్లీజ్." గ్రూపులో డాక్టర్లు ఉంటే పని అయిపోతుంది. అందరూ సాఫ్ట్‌వేర్ వాళ్లే అయితే ఆ మెసేజ్ అలాగే పైకి వెళ్లిపోతుంది, ఇంట్లో టెన్షన్ మిగులుతుంది.

షాడోయింగ్‌లో పిల్లలు చేసే పనేమీ ఉండదు. డాక్టరో, నర్సో, ఫిజికల్ థెరపిస్టో, ఎక్స్‌రే టెక్నీషియనో, ఒకరి వెంట ఉండి చూడటమే. మెడలో బ్యాడ్జి, కాళ్లకు బూట్లు, జేబులోంచి బయటికి తీయకూడని ఫోన్. గదిలోకి వెళ్లగానే డాక్టరు పేషెంటును అడుగుతారు, "ఈ అమ్మాయి హైస్కూల్ స్టూడెంట్, ఇక్కడ ఉండొచ్చా?" అని. వద్దంటే కారిడార్లో నిలబడాలి. సరేనంటే ఓ గోడవారన నిలబడి వినాలి. పేషెంటు వెళ్లిపోయాక డాక్టరు కంప్యూటర్ ముందు కూర్చుని నోట్స్ టైప్ చేస్తూ ఉంటే అదీ చూడాలి. నన్నడిగితే అన్నిటికంటే చూడాల్సింది అదే. ఈ వృత్తిలో రోజులో ఎంత భాగం అలా గడుస్తుందో కాలేజీ బ్రోషర్లలో కనబడదు.

ఒకప్పుడు ఈ వయసు పిల్లలు చూసి ఊరుకోవడం కాదు, పని కూడా చేసేవాళ్లు. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన డాక్టర్ బెంజమిన్ రష్, 1761లో ఫిలడెల్ఫియాలో డాక్టర్ జాన్ రెడ్‌మన్ దగ్గర శిష్యుడిగా చేరినప్పుడు ఆయన వయసు 15. అక్కడ 5 ఏళ్లకు పైగా ఉన్నాడు. ఆ రోజుల్లో అలాంటి కుర్రాళ్లు మందులు నూరేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు, గురువు వెంట రోగుల ఇళ్లకు వెళ్లేవాళ్లు. నేర్పినందుకు గురువుకు ఫీజు కట్టాలి. ఫీజు కట్టగల కుటుంబం, ఒప్పుకునే డాక్టరు, రెండూ కుదిరిన మగపిల్లలకే ఆ చదువు. ఎవరి పిల్లాడన్నదే మొదటి అర్హత.

ఆ గురుశిష్య పద్ధతి 19వ శతాబ్దమంతా నడిచి, 20వ శతాబ్దం మొదట్లో అంతరించింది. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాల్లోని 155 మెడికల్ కాలేజీలను పరిశీలించి నివేదిక ఇచ్చాడు. వైద్యవిద్యలో చేరాలంటే ముందు కనీసం రెండేళ్లు కాలేజీ చదవాలని, లేబొరేటరీలు, బోధనాసుపత్రులు ఉండాలని గట్టిగా చెప్పాడు. చదువు నాణ్యత పెరిగింది, సందేహం లేదు. కానీ అనేక కాలేజీలు మూతపడ్డాయి. నల్లజాతి విద్యార్థుల కోసం ఉన్న 7 కాలేజీల్లో కాలక్రమంలో హోవర్డ్, మెహారీ మాత్రమే నిలిచాయి. హైస్కూల్ వయసు పిల్లలు కూడా వైద్య శిక్షణకు దూరమయ్యారు.

వాళ్లను తిరిగి ఆస్పత్రిలోకి రప్పించింది రెండో ప్రపంచ యుద్ధం. నర్సులకు కొరత. 1944లో న్యూజెర్సీలోని ఈస్ట్ ఆరెంజ్‌లో ఒక హైస్కూల్ అమ్మాయిలు ఆస్పత్రిలో వాలంటీర్లుగా చేరారు. ఎరుపు తెలుపు చారల ఏప్రాన్ల వల్ల వాళ్లను క్యాండీ స్ట్రైపర్స్ అన్నారు. ఆ పద్ధతి దేశమంతా పాకింది. మంచినీళ్లు ఇవ్వడం, పూలు, పత్రికలు అందించడం, వీల్‌చెయిర్ తోయడం వాళ్ల పనులు. ఆస్పత్రికి చేతిసాయం దొరికింది కానీ, పిల్లలకు వృత్తి గురించి నేర్పాలన్న ఆలోచన అందులో తక్కువ.

1965లో మెడికేర్ వచ్చింది. వృద్ధుల వైద్యానికి ప్రభుత్వమే డబ్బు కట్టడం మొదలయ్యాక ఆస్పత్రులు పెరిగాయి, ల్యాబ్ టెక్నీషియన్లు, రెస్పిరేటరీ థెరపిస్టులు, రేడియాలజీ సిబ్బంది కావలసి వచ్చారు. హైస్కూళ్లలో హెల్త్ కోర్సులు విస్తరించాయి. ఆ కోర్సుల విద్యార్థుల కోసం 1976లో హోసా అనే సంఘం ఏర్పడింది. ఇప్పుడు చాలా హైస్కూళ్లలో దాని చాప్టర్లు ఉన్నాయి, మన పిల్లలు కూడా వాటిలో చురుగ్గా ఉంటారు.

షాడోయింగ్‌ను పేరు పెట్టి చట్టంలోకి తెచ్చింది మాత్రం 1994లో. కాలేజీకి వెళ్లని పిల్లలకు ఉద్యోగదారి కనబడటం లేదన్న ఆందోళనతో, జర్మనీ అప్రెంటిస్ పద్ధతిని చూసి, క్లింటన్ ప్రభుత్వం స్కూల్ టు వర్క్ ఆపర్చునిటీస్ చట్టం చేసింది. బడి చదువుకు పనిచోటు అనుభవం తోడవ్వాలన్నది దాని ఉద్దేశం, అందులో జాబ్ షాడోయింగ్ ఒక భాగం. 1998 నుంచి ఏటా ఫిబ్రవరి 2న, అంటే గ్రౌండ్‌హాగ్ అనే జంతువు తన నీడను చూసుకుంటుందా అని గమనించే గ్రౌండ్‌హాగ్ డే రోజున, దేశవ్యాప్తంగా జాబ్ షాడో డే జరిపారు. పరిచయాలు లేని పిల్లవాడికి స్కూలే పరిచయం చేసి పెట్టడం, నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికంటే న్యాయమైన ఏర్పాటు. 2001లో ఆ చట్టం గడువు ముగిసింది.

రెండేళ్లకే మరో అడ్డంకి. 2003 ఏప్రిల్ 14 నుంచి హిపా అనే అమెరికా ఆరోగ్య చట్టం కింద గోప్యతా నిబంధనలు అమలులోకి వచ్చాయి. పేషెంటు వివరాలు బయటికి పొక్కకూడదన్నది సరైన నియమమే, దానితో నాకు పేచీ లేదు. అయితే ఇప్పుడు హైస్కూల్ విద్యార్థిని రానివ్వాలంటే గోప్యతా పత్రం మీద సంతకం, టీబీ టెస్టు, టీకాల రుజువు, తల్లిదండ్రుల అనుమతి. చాలాచోట్ల కనీస వయసు 16. కొన్ని ఆస్పత్రులు ఆపరేషన్ థియేటర్లోకి 18 నిండితే గానీ రానివ్వవు. ఇంత తతంగం ఎందుకని కొన్ని అసలు మానేశాయి. మిగతావాటిలో చాలావరకు "ముందు మీరే ఒప్పుకునే డాక్టర్‌ను వెతుక్కుని రండి" అంటాయి.

తలుపు ఇలా ఇరుకవుతుంటే తోపులాట పెరిగింది. హైస్కూల్ నుంచి నేరుగా మెడిసిన్‌కు దారి చూపే బీఎస్ ఎండీ కోర్సులు ఎప్పటి నుంచో ఉన్నాయి, కాన్సాస్ సిటీలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం ఆరేళ్ల కోర్సు 1971లోనే మొదలైంది. సీట్లు కొన్నే, దరఖాస్తులు బోలెడు. వైద్యం అంటే ఏమిటో దగ్గర నుంచి చూశావా అని ఈ కోర్సుల వాళ్లు అడుగుతారు కాబట్టి షాడోయింగ్ గంటలు లెక్కపెట్టుకునే వస్తువైపోయాయి. 17 ఏళ్లకే వైద్యవృత్తిని ఖాయం చేసుకోమనడం ఇండియాలో పెరిగినవాళ్లకు మామూలే. ఇంటర్ బైపీసీ తీసుకున్నప్పుడు మనల్నెవరూ ఆస్పత్రి చూసి రమ్మనలేదు, ర్యాంకు వస్తే చాలన్నారు. 2019లో వచ్చిన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక మొదటి ఏడాది నుంచే రోగులను చూపించాలంటోంది, కానీ అది సీటు వచ్చాక సంగతి.

1965 ఇమిగ్రేషన్ చట్టం తర్వాత గుంటూరు, విశాఖ, హైదరాబాద్ మెడికల్ కాలేజీల నుంచి ఎందరో అమెరికా వెళ్లారు. ఆ డాక్టర్ల ఇళ్లలో పుట్టిన పిల్లలకు షాడోయింగ్ దొరకడం కష్టం కాదు. హెచ్ 1బీ మీద వచ్చిన ఇంజినీర్ల పిల్లలకు అంత తేలిక కాదు. తెలుగు డాక్టరు స్నేహితుడు కూడా లేని కుటుంబం సంగతి మరీ కష్టం, ఆ కుటుంబం ఏ దేశం నుంచి వచ్చిందైనా. కొందరు సెలవుల్లో ఇండియా వచ్చి బంధువుల ఆస్పత్రిలో ఆ లోటు తీర్చుకుంటారు. చూసి వస్తే మంచిదే. కుట్లు వేయించారు, ఇంజెక్షన్ చేయించారు అంటే మాత్రం అది తప్పు. శిక్షణ లేని పని విదేశంలో కూడా చేయకూడదని అమెరికా మెడికల్ కాలేజీల సంఘం 2011లోనే మార్గదర్శకాలిచ్చింది.

కోవిడ్ వచ్చిన 2020లో అమెరికా ఆస్పత్రుల్లో షాడోయింగ్ ఆగిపోయి, డాక్టర్లు వీడియోలో కేసులు వివరించే పద్ధతి వచ్చింది. పరిచయాలు లేకుండా ఎవరైనా చేరొచ్చన్నది దాని గొప్ప. పేషెంటు కళ్లలో భయాన్ని చూడటం మాత్రం స్క్రీన్ మీద కుదరదు.

డాక్టర్లు తెలియనివాళ్లకు ఇప్పటికీ మిగిలిన దారి ఏరియా హెల్త్ ఎడ్యుకేషన్ సెంటర్లు. వైద్య సిబ్బంది చాలని ప్రాంతాల కోసం 1970ల మొదట్లో ఫెడరల్ నిధులతో మొదలైన ఈ కేంద్రాల్లో చాలావాటికి హైస్కూల్ పిల్లల కార్యక్రమాలు ఉన్నాయి, కొన్ని షాడోయింగ్ కూడా కుదురుస్తాయి. 2018లో సవరించిన పెర్కిన్స్ చట్టం ప్రకారం వృత్తివిద్యకు నిధులు తీసుకునే స్కూలు జిల్లాలు పనిచోటు అనుభవం గురించి కూడా ఆలోచించాలి. వాట్సాప్‌లో అడిగే ముందు ఈ రెండింటి గురించి స్కూల్ కౌన్సెలర్‌ను అడగండి. మన పిల్ల కోసం అడిగిన ప్రశ్న పక్క బెంచీలో కూర్చున్న పిల్లకూ పనికొస్తుంది.