గెత్తం కుప్ప, ఊరి చెరువు

విశాఖపట్నం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు చెరువు నీరు పచ్చగా చిక్కబడి ఉండడం చూసి, అందులో రంగు ఎవరు కలిపారని అడిగారు. ఎవరూ కలపలేదు. గట్టు మీది పశువుల సాలల నుండి వానకు కొట్టుకువచ్చిన పేడ, మూత్రం ఆ పని చేశాయి.

తాజా పేడలో ఐదింట నాలుగు వంతులు నీరే. మిగిలినదానిలో అరగని పీచుతో పాటు నత్రజని, భాస్వరం ఉంటాయి. మడిలో వేస్తే అవి వరికి తిండి, చెరువులో పడితే నాచుకు తిండి. విపరీతంగా పెరిగిన నాచు చచ్చి అడుగున కుళ్ళేటప్పుడు, కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నీటిలో కరిగిన ప్రాణవాయువును వాడేసుకుంటాయి. రాత్రివేళ బతికున్న నాచు కూడా దానినే పీల్చుకుంటుంది కనుక తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. కొండల నుండి దిగే మన గెడ్డలు, అంటే వాగులు, వానాకాలంలో దారిలోని పెంటనంతా ఊడ్చుకుపోతాయి. మేఘాద్రిగెడ్డ వంటి జలాశయాల నీళ్ళనే మన నగరం తాగుతుందని గుర్తుంచుకుని ఈ సంగతి ఆలోచించండి.

బావికి కలిగే హాని కంటికి కనిపించదు. నేలలో నత్రజని నైట్రేటుగా మారి, మట్టిని అంటిపెట్టుకోకుండా వాననీటితో లోపలికి దిగిపోతుంది. తాగునీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని మన దేశ ప్రమాణం. మించిన నీటితో పాలపొడి కలిపి పడితే, ఆరు నెలల లోపు పసిబిడ్డల రక్తం ప్రాణవాయువును సరిగా మోయలేక ఒళ్ళు నీలంగా మారవచ్చు. నీటిని మరిగించినా నైట్రేటు పోదు, పైగా చిక్కబడుతుంది. మా నాయనమ్మ బావికి ఎగువన గెత్తం, అంటే పశువుల ఎరువు, కుప్ప వేయనిచ్చేది కాదు. ఎందుకని అడిగితే వాసన అనేది.

పూర్వం కోత అయ్యాక చేలో గొర్రెల మంద కట్టేవారు, ఎరువు పలచగా అంతటా పడేది. ఇప్పుడు వేల కోళ్ళు ఒకేచోట ఉంటున్నాయి. ఆవుపేడ కంటే ఘాటైన కోడిపెంటను ఏటా ఒకే చేలో గుమ్మరిస్తే మొక్కలు మాడతాయి, భాస్వరం నేలలో పేరుకుపోతుంది. ముక్కు మండించే ఆ వాసన అమోనియా. నా లెక్కలో అది గాలిలో కలిసిపోతున్న రైతు సొమ్ము.

మన కుప్పను తొలకరికి ముందే గట్టు మీది నుండి తీయించి, చెరువుకు దూరంగా, మెరక మీద తవ్వించిన గోతిలో వేయించి పైన మట్టి కప్పించాను. మాగేటప్పుడు లోపల పుట్టే వేడికి కలుపు గింజలు చాలావరకు చచ్చిపోతాయి. దసరాకు వచ్చినప్పుడు చేయి పెట్టి చూద్దురుగాని.

మీ తాతయ్య