లారెల్ ఎండు తెగులు: పురుగు కన్నా ముందు కదిలిన కలప

అమెరికా ఆగ్నేయ అడవుల్లో లారెల్ కుటుంబానికి చెందిన రెడ్‌బే చెట్లను కోట్లలో ఎండగొట్టిన తెగులు ఇది. కొత్త కౌంటీలో (అక్కడి జిల్లా లాంటిది) బయటపడినప్పుడల్లా పాత తగవే పైకొస్తుంది. శిలీంధ్రాన్ని మోసుకొచ్చే పెంకు పురుగును చంపాలంటారు కొందరు, కట్టెల రవాణాను ఆపాలంటారు మరికొందరు. 2002లో జార్జియాలోని పోర్ట్ వెంట్‌వర్త్ దగ్గర ఎరల్లో పురుగు దొరకడం, అది ఆసియా నుంచి సరుకుల చెక్క పెట్టెల్లో వచ్చి ఉంటుందన్న అంచనా తరచూ వినేవే. అసలు చూడాల్సింది 2009.

ఆ ఏడాది మిసిసిపీలోని జాక్సన్ కౌంటీలో చెట్లు ఎండాయి. తెగులు అప్పటిదాకా ఉన్నదేమో తూర్పున, జార్జియా, ఫ్లోరిడా వైపు. మధ్యలో ఉన్న అలబామాలో దాని జాడే లేదు. రెండు మిల్లీమీటర్ల పురుగు ఆ దూరమంతా ఎగిరి రాలేదు, ఎవరో కలప తెచ్చారు.

ఇది ఎలా సాధ్యమో పురుగు తీరు చూస్తే తెలుస్తుంది. ఈ కోవ పురుగులు చాలావరకు నీరసించిన చెట్లను వెతుక్కుంటాయి. ఇది మాత్రం పచ్చని చెట్టు వాసనకే వస్తుంది. చెక్కను తినదు. నోటి దగ్గరి సంచుల్లో శిలీంధ్రాన్ని తెచ్చి, తొలిచిన సొరంగాల్లో పెంచుకుని దాన్ని తింటుంది. మొదట వాలిన పురుగు అక్కడ పిల్లల్ని పెట్టకపోయినా శిలీంధ్రం చెట్టులోకి చేరిపోతుంది. దాన్ని అడ్డుకోబోయి చెట్టు తన నీటి నాళాలను తానే మూసుకుని వారాల్లో వాడిపోతుంది. పురుగుల సంతతి పెరిగేది ఆ తర్వాతే, ఎండిన మానులో. అంటే నరికి లారీకెత్తే దుంగే వాటి పురిటిగది. గుడ్లు ఫలదీకరణం లేకుండానే మగపురుగులవుతాయి కాబట్టి కొత్తచోట సంతతికి ఒక్క ఆడది చాలు.

కారణం తేలడానికే ఏళ్లు పట్టింది. 2003లో దక్షిణ కరోలినాలోని హిల్టన్ హెడ్ దీవిలో చెట్లు చస్తుంటే కరువన్నారు, నీటిమట్టం మార్పులన్నారు. శిలీంధ్రమే చంపుతోందని అమెరికా అటవీ శాఖ పరిశోధకుడు స్టీఫెన్ ఫ్రేడ్రిక్ బృందం ప్రచురించింది 2008లో. కారణం తెలియనప్పుడు ఎండిన చెట్టును వంటచెరుకుగా తీసుకెళ్లడానికి ఎవరైనా ఎందుకు సంకోచిస్తారు?

అవకాడో కూడా లారెల్ కుటుంబపు చెట్టే. దాని రైతుల వాదన వేరు. 2012లో దక్షిణ ఫ్లోరిడా తోటల్లోకి తెగులు వచ్చాక, రవాణా నియమాల కోసం ఆగలేమంటూ మందులు చల్లారు, కాండాల్లోకి శిలీంధ్రనాశకం ఎక్కించారు. వాళ్ల తొందర అర్థమవుతుంది. కానీ ఆ తోటల్లో ఈ ఆసియా పురుగు అరుదు. శిలీంధ్రాన్ని అక్కడ వేరే పెంకు పురుగులు అందిపుచ్చుకున్నాయి, పక్కపక్క చెట్ల వేళ్లు కలిసిన చోట అది భూమిలోంచే పాకింది. ఏ పురుగు మీద చల్లాలి?

2019లో అదే కుటుంబానికి చెందిన ససాఫ్రాస్ చెట్ల మీదుగా తెగులు కెంటకీ, టెనెసీలకు చేరింది. ఆ చెట్లు ఉత్తరాన కెనడాలోని ఒంటారియో దాకా ఉన్నాయి.